గాలి పలచబడిన చోట

ఉపాధ్యాయుల గది,
మంగళవారం, మధ్యాహ్నం బడి మొదలవబోతోంది

తమ్ముడికి,

నువ్వు హాయిగా ఉన్నావు. అదే నీ మీద నా అభియోగం.

ఆరు పేజీలు రాశావు. మబ్బులు ఎన్ని రకాలో రాశావు. పొద్దున్నే రెక్కల మీద మంచు ఎలా మెరుస్తుందో రాశావు. మీ భోజనశాలలో పిల్లి ఈనిందని, పిల్లల్లో ఒకదానికి తోక వంకరని రాశావు. యుద్ధం నుంచి వచ్చిన ఆరు పేజీల ఉత్తరంలో ఒక్క మనిషీ చావలేదు. ఎలా సాధ్యపడిందిరా నీకిది? మా వీధిలో అయితే కుదరడం లేదు. తాళాల కొట్టాయన పెద్దకొడుకు పోయాడని నిన్న కబురొచ్చింది. ఆయన కొట్టు మూయలేదు. పొద్దుటి నుంచీ ఒకే తాళంచెవిని ఆకురాయితో రాస్తూ కూర్చున్నాడు, అది సన్నబడి సన్నబడి సూదిలా అయ్యేదాకా. వీధంతా చూసింది.

ఈ యుద్ధం మొదలైన రోజు నుంచీ నేను దీనికి వ్యతిరేకమని నీకు తెలుసు. వారపత్రికలో నా వ్యాసం చదివి మా ప్రధానోపాధ్యాయురాలు పిలిచింది. "మీ తమ్ముడు అక్కడ ప్రాణాలకి తెగించి ఎగురుతుంటే ఇలా రాయడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?" అంది. "వాడు ఎగురుతున్నాడు కాబట్టే రాస్తున్నానండీ. ఇంట్లో ఉంటే వాడితోనే పోట్లాడుకునేదాన్ని, కాగితం ఖర్చు ఉండేది కాదు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. అంటే నా ఉద్యోగం గురించి ఆలోచిస్తోందని అర్థం.

మీ బావ సంగతి చెప్పనక్కర్లేదు. రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ "మా బావమరిది ఫైటర్ పైలట్టండీ" అని చెప్పి, ఆ ఊపులో మజూరీ తగ్గించేస్తున్నాడు. ఈ యుద్ధం ఇంకో ఏడాది సాగితే మేం వీధిన పడతాం.

బడి గోడ మీద సర్కారువాళ్ళు ఒక బొమ్మ అంటించారు. అందులో పైలట్టు నవ్వుతుంటాడు, వెనక తెల్లటి మబ్బులు. నీ ఉత్తరం ఆ బొమ్మ కూర్చుని రాసినట్టుంది. నాకు బొమ్మ అక్కర్లేదు, నా తమ్ముడు కావాలి. అందుకని రెండు ప్రశ్నలు. నువ్వు మనిషిని చంపావా? నీకు భయం వేస్తోందా?

మబ్బులతో జవాబు చెప్పకు.

నీ అక్క


రన్‌వే పక్క గుడారం,
ఎండ బాగుంది

అక్కా,

నీ ఉత్తరం పిచ్చుకకి చదివి వినిపించాను. "ఇది ఉత్తరం కాదురా, సంపాదకీయం. అడుగున చందా వివరాలు ఉన్నాయేమో చూడు" అన్నాడు.

పిచ్చుక అంటే నా జంట. మేం ఎప్పుడూ ఇద్దరిద్దరం పైకి వెళతాం. ముందు విమానం నాది. వెనక, కుడి పక్కన, కాస్త కిందగా వాడిది. నేను ముందు చూస్తాను, వాడు నా వెనక చూస్తాడు. నేను ఎటు తిరిగితే వాడు అటు తిరగాలి, ఎందుకని అడగకూడదు. అడిగేలోపు మనిషి పోతాడు కాబట్టి, అడగకుండా ఉండటమే మాకు మొదట నేర్పే చదువు. నిన్ను గనక పిచ్చుక చోట కూర్చోబెడితే శత్రువు తుపాకులు వదిలేసి నీ ప్రశ్నలకి పారిపోతాడు.

విమానమంటే ఏదో పెద్దదనుకుంటారు. ఒక్కడు పట్టే గది అది. రెండు భుజాలూ గోడలకి ఆనుతాయి. మోకాళ్ళ మధ్య ఒక కర్ర, నెత్తిన అద్దాల మూత. మబ్బుల్లోకి వెళ్ళేటప్పుడు తడిసిన దూదిలోంచి పోతున్నట్టుంటుంది, ఏమీ కనబడదు. ఒక్కసారిగా అవి కిందికి జారిపోతాయి. ఇక పైన ఎవరూ లేని ఒక తెల్లటి దేశం. మనం కదులుతున్నట్టే ఉండదు. ఆ దేశమే మన కింద నుంచి మెల్లగా జరుగుతుంటుంది, నిద్రలో దుప్పటి జారినట్టు. పిచ్చుక విమానం నా పక్కన దారం లేకుండా వేలాడుతుంటుంది.

అక్కడ గాలి పలచన. అందుకని ముక్కుకీ నోటికీ రబ్బరు తొడుగు పెట్టుకుంటాం. దానికో గొట్టం, గొట్టం చివర ఆక్సిజన్ సిలిండరు. శిక్షణలో ఒక తమాషా చేస్తారు. ఇనపగదిలో కూర్చోబెట్టి అందులోని గాలి మెల్లగా తోడేస్తారు. చేతికి పెన్సిలిచ్చి నీ పేరు రాస్తూ ఉండు అంటారు. నేనెంత శ్రద్ధగా రాశానంటే, జన్మలో అంత గుండ్రంగా రాయలేదనుకున్నాను. మళ్ళీ గాలి వదిలాక కాగితం చూపించారు. పైన రెండు వరుసలు నా పేరు. తర్వాత కోడి కెలికినట్టు. చివర్లో ఒక గీత, కాగితం దాటి బల్ల మీదికి పోయింది. అందరం పడీ పడీ నవ్వాం. ఊపిరి ఆడనట్టే అనిపించదక్కా, అదీ అందులో తమాషా.

భయం అడిగావు. మొదట్లో వేసేది. ఎక్కేముందు మాటిమాటికీ మరుగుదొడ్డికి పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు కిందే కాస్త ఉంటుంది. మబ్బులు దాటి ఇంకా పైకి పోయాక ఉండదు. ఎవరో నెత్తి మీంచి తడిబట్ట తీసేసినట్టు పోతుంది. ఒక్కోసారి చేతి తొడుగు తీసి చూసుకుంటే గోళ్ళు నీలంగా ఉంటాయి, సిరా ఒలికినట్టు. చూస్తే నవ్వొస్తుంది.

మొదటి ప్రశ్న సంగతి ఇంకోసారి.

నీ తమ్ముడు


కింది వాటా వరండా,
ఆదివారం

తమ్ముడికి,

కింది వాటాలో ఉండే మత్తు డాక్టరుగారు నీకు గుర్తున్నారు కదా, ఆపరేషన్‌కి ముందు మనుషుల్ని నిద్రపుచ్చే ఆయన. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. నవ్వుకుంటారని చదివాను. ఇనపగది కథకి నవ్వారు కూడా. గోళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఆ ముక్క మళ్ళీ చదవండి."

చదివాను.

"నవ్వొస్తోందన్నాడా?"

"వాడికి చిన్నప్పటి నుంచీ అన్నిటికీ నవ్వొస్తుందండీ."

"అది కాదమ్మా. మీ తమ్ముడికి గాలి అందడం లేదు. ఆ తొడుగులోనో గొట్టంలోనో ఎక్కడో పోతోంది."

"వాడికి తెలియదా?"

"ఊపిరి అందకపోతే మనిషి గింజుకుంటాడనుకుంటాం. ఇలా కొద్దికొద్దిగా తగ్గితే గింజుకోడు. ముందు దిగులు పోతుంది. తర్వాత భయం పోతుంది. తర్వాత తెలివి. అదీ పోయాక, పోయిందని చెప్పడానికి లోపల ఎవరూ ఉండరు. నా బల్ల మీద పడుకున్నవాళ్ళ మొహాలు చూస్తుంటాను కదా. చాలా హాయిగా ఉంటారు."

నేను ఏళ్ళ తరబడి రాస్తున్నది ఇదే కదరా. మనిషి తల తలలా పనిచేస్తుంటే ముక్కూమొహం తెలియని ఇంకో మనిషిని చంపడానికి వెళ్ళడని. అందుకే ముందు వాడి బుర్రకి గాలి ఆపాలని. ఊళ్ళో జనానికి ఆ పని బ్యాండు మేళాలతో, ఉపన్యాసాలతో, గోడల మీది నవ్వు మొహాలతో చేస్తున్నారు. నీకు అంత ఖర్చు కూడా పెట్టలేదు. ఒక రబ్బరు గొట్టంతో సరిపెట్టారు. దానికి ధైర్యం అని పేరు పెట్టి రేపు నీ ఛాతీ మీద ఏదో గుచ్చుతారు కూడా.

నిన్ను హాయిగా ఉన్నావని తిట్టాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే ముద్దాయివి నువ్వు ఒక్కడివే అనుకున్నాను, ఇప్పుడు ఆ గొట్టాన్ని కూడా చేరుస్తున్నాను. తొడుగు, గొట్టం, సిలిండరు, అన్నీ మీ మెకానిక్కు చేత విప్పించి చూపించు. చూపించానని వెంటనే రాయి. వాదించకు. వాదన నా డిపార్టుమెంటు.

నీ అక్క


గుడారం,
వాన, ఎగరడం లేదు

అక్కా,

మెకానిక్కు చూశాడు. అంతా బాగుందన్నాడు. మత్తు డాక్టరుగారిని కంగారు పడొద్దని చెప్పు.

వాన పడుతుంటే గుడారం గుడ్డ గుండెలా కొట్టుకుంటోంది. పిచ్చుక గురక పెడుతున్నాడు. నిన్న పైన జరిగింది నీకు చెప్పాలనిపిస్తోంది. నీకే చెప్పాలి, ఇంకెవరికీ అర్థం కాదు.

మనం చిన్నప్పుడున్న వీధి పైనే ఉందక్కా. మబ్బుల మీద, కాస్త ఎడమవైపుకి. రేకు తలుపుల కొట్లు, బొగ్గుల బండి, చివర మలుపులో మన ఇల్లు. అన్నీ తెల్లగా ఉన్నాయి, సున్నం వేసినట్టు. నేను వాటి మీదుగా చప్పుడు లేకుండా పోతున్నాను. ఇంజను మోత మెల్లగా మారిపోయింది. కాసేపటికి అది అమ్మ కుట్టుమిషను చప్పుడని పోల్చుకున్నాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని యూనిఫారాలు కుడుతోంది, ఆ రోజుల్లోలాగే, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని. గుడ్డ ఆమె ఒళ్ళోంచి జారి కింద మబ్బయిపోతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. తల ఎత్తకుండానే, "ఇంకాస్త పైకి రారా" అంది.

ఎంత ప్రేమగా అందో. నేను వెళ్ళాను. కిందికి ఎప్పుడు దిగామో సరిగ్గా గుర్తులేదు.

మొన్నటి నుంచి పాటలు కూడా పాడుతున్నానట. రేడియోలో వినబడ్డాయని పిచ్చుక ఏడిపిస్తున్నాడు. "గొంతు బాగుంది, రాగమే కూలిపోయింది" అన్నాడు.

నీ తమ్ముడు


వంటగది,
పొయ్యి మీద పాలు పెట్టి

ఒరేయ్,

అమ్మ మనల్ని ఎప్పుడైనా పైకి రమ్మందా?

ఆలోచించు. కింద ఉన్నా సరే, తల సరిగ్గా ఉన్నప్పుడు ఆలోచించు. గోడెక్కితే దిగరా అంది. చెట్టెక్కితే దిగరా అంది. మేడ మెట్ల మీద నాలుగో మెట్టు దాటితే గుండుసూదులు నోట్లో ఉన్నాయని కూడా చూసుకోకుండా కేక పెట్టేది, అవి నేల మీద చెల్లాచెదురైతే మనిద్దరం ఏరేవాళ్ళం. బతికున్నన్నాళ్ళూ ఆవిడ నీతో అన్న మాట ఒక్కటే, కిందికి దిగు.

నీతో మాట్లాడింది అమ్మ కాదు.

మెకానిక్కు చూశాడని రాశావు. నాకు నమ్మకం లేదు. బడిలో పిల్లలు లెక్క చేశామని చెప్పేటప్పుడు ఇంత పొట్టిగానే చెబుతారు. నిజం రాయి. పాలు పొంగిపోయాయి. పోనీ.

అక్క


ఆస్పత్రి వరండా,
ఎవరూ చదవకుండా పాలవ్యాను డ్రైవరు చేత పంపుతున్నాను

అక్కా,

పిచ్చుక లోపల ఉన్నాడు. రెండు కాళ్ళూ విరిగాయి. బతుకుతాడు. నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

నది మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరగాలి మేం. నేను తిరగలేదు. పైకి పోతూనే ఉన్నాను. వాడు అడగకూడదు కాబట్టి అడగకుండా వెనకాలే వచ్చాడు. చాలాసేపటికి రేడియోలో పిలిచాడట. నేను పాడుతున్నానట. అప్పుడు వాడు మా చదువంతా పక్కన పెట్టి నా ముందుకి వచ్చేశాడు, అద్దానికి దగ్గరగా, రెక్కలు ఊపుతూ. అది నాకు గుర్తుంది. ఏదో పక్షి ఆడుకుంటోందనుకున్నాను. వాడు విమానం ముక్కు కిందికి దించి మబ్బుల్లోకి దూకాడు. ఆట కదా అని నేనూ దూకాను. కిందికొచ్చాక, గాలి చిక్కబడ్డాక, నాకు మెలకువ వచ్చింది. అప్పుడు చూస్తే ఊరు కాని ఊరి మీద ఉన్నాం. నా ఇంధనం రన్‌వే దాకా బొటాబొటిగా సరిపోయింది. నా చుట్టూ తిరిగి తిరిగి వాడిది అయిపోయింది. కోసిన చేలో దించాడు. గట్టు తగిలింది.

పెద్దాయన, అదే మా స్క్వాడ్రన్ అధికారి, నన్ను పక్కకి పిలిచాడు. "దిక్సూచి తప్పు చూపించిందని చెబుదాం. ఉన్నదే నలుగురు మంచి పైలట్లు. రెండు రోజులు పడుకో, మళ్ళీ ఎక్కు" అన్నాడు. సరేనన్నాను. పిచ్చుక కూడా అడిగాడు, "దిక్సూచిదేనా తప్పు?" అని. అవునన్నాను. "ఆ దిక్సూచి పాటలు కూడా పాడుతుందిరా" అన్నాడు. నవ్వలేదు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న.

చంపాను. నీ మొదటి ఉత్తరం రాకముందే. వాడి విమానం నా ఎదురుగా వచ్చింది, మీట నొక్కాను. అది మెల్లగా ఒరిగి దిగడం మొదలుపెట్టింది. నేను పక్కనే వెళ్ళాను. లోపల మనిషి నెత్తి మీది మూత తెరవడానికి రెండు చేతులతో బాదుతున్నాడు. గడియ పడిన గదిలో పిల్లవాడు తలుపు బాదినట్టు. నన్ను చూశాడు. శత్రువుని చూసినట్టు చూడలేదు. తలుపు అవతల ఉన్న మనిషిని చూసినట్టు చూశాడు, కాస్త తీయమని. నేను వాడి పక్కనే ఎగిరాను, నేల దాకా. నాకు చెయ్యి అందదు కదక్కా.

ఆ తర్వాత కళ్ళు మూస్తే ఆ చేతులు. తెరిస్తే నా నెత్తి మీది మూత. ఎక్కి బెల్టు కట్టుకుంటుంటే వాంతి వచ్చేది. అలాంటప్పుడు నా గొట్టం మీద చీలిక కనబడింది, మెడ దగ్గర మడత పడేచోట, వెంట్రుక మందాన. దిగాక మెకానిక్కుకి చెబుదామనే ఎక్కాను. ఆ రోజు పైకి వెళ్ళాక చేతులు కనబడలేదు. దిగాక చెప్పలేదు. చీలిక కనబడకుండా మెడకి రుమాలు చుట్టుకోవడం మొదలుపెట్టాను. అందరూ సోకనుకున్నారు. నువ్వు రాశాక కూడా మెకానిక్కుకి చూపించలేదు. కొత్త గొట్టం అడిగితే అప్పటికప్పుడు ఇస్తాడు. ఆ గొట్టం మారిస్తే నేను ఎగరలేనక్కా. అది మారిస్తే ఆ చేతులు మళ్ళీ వస్తాయి.

గురువారం మళ్ళీ పైకి. పిచ్చుక చోటికి కొత్తవాణ్ణి ఇచ్చారు. నిన్ననే వచ్చాడు. మర్యాదగా, "మీరెటు తిరిగితే అటేనండీ" అన్నాడు.

ఇక్కడి డాక్టరు గది తలుపు దాకా వెళ్ళాను. లోపలికి పోయి ఏం చెప్పాలో తెలియక తిరిగొచ్చాను. నీ వాదనలన్నీ నాకు తెలుసు, ఉపన్యాసం వద్దు. జన్మంతా వాళ్ళనీ వీళ్ళనీ డిమాండు చేస్తూ వచ్చావు. నన్నూ చెయ్యి. ఏం చెయ్యాలో సూటిగా చెప్పు.

తమ్ముడు


మీ గేటు పక్క కాపలాగది,
బుధవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం అందగానే బడికి సెలవు చీటీ రాసి బస్సెక్కాను. మీ బావ కొట్టు మూసి బస్టాండు దాకా వచ్చాడు. బస్సు కదిలేటప్పుడు, "వాణ్ణి తిట్టకే" అన్నాడు. చూద్దామన్నాను.

ఇక్కడ కాపలా ఆయన మంచివాడు. "లోపలికి బయటివాళ్ళని పంపకూడదండీ" అన్నాడు.

"నేను లోపలికి రానండీ. వాడే వస్తాడు."

"రాకపోతే? ఎంతసేపని కూర్చుంటారు?"

"మిల్లువాళ్ళు కార్మికుల్ని తీసేస్తే గేటు ముందు ఒక చలికాలమంతా కూర్చున్నదాన్నండీ. అక్కడ బెంచీ కూడా లేదు."

ఆయన టీ తెప్పించాడు. ఈ కాగితం నీ చేతికి ఇప్పిస్తానని ఒప్పుకున్నాడు.

ఇందాక ఈ బెంచీ మీద కూర్చునే రెండు విమానాలు వెళ్ళడం చూశాను. ముందొకటి, వెనక కాస్త కిందగా ఒకటి. ఇంత దూరం నుంచి అవి పోతున్నట్టు లేవు, ఎవరో ఆ నీలంలో వాటిని మరిచిపోయి వదిలేసినట్టున్నాయి. చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది, నిద్రలో ఎవరో పక్కగదిలో మాట్లాడినట్టు. చూస్తుంటే నా కళ్ళూ మూతలు పడ్డాయి. నాకూ హాయిగానే అనిపించింది, ఒప్పుకుంటున్నాను. అందుకే ఇప్పుడు నేల చూస్తూ రాస్తున్నాను.

చంపావా అని నిన్ను అడిగినప్పుడు, జవాబు దొరికితే దాన్ని పట్టుకుని నీతో వాదించాలనే అడిగాను. ఇప్పుడు నా దగ్గర వాదన లేదు. అడిగావు కాబట్టి ఇవి ఉన్నాయి.

ఒకటి. మెడకి చుట్టుకున్న రుమాలు విప్పు. ఆ గొట్టం ఊడదీసి ఈ పూటే మెకానిక్కు చేతిలో పెట్టు.

రెండు. డాక్టరు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళు. ఆ చేతుల సంగతి నాకు రాసినట్టే ఆయనకి చెప్పు. గురువారం ఎగరలేనని చెప్పు. అది పిరికితనం అన్నవాణ్ణి ఈ బెంచీ దగ్గరికి పంపు.

మూడు. దిక్సూచి తప్పేమీ లేదని పెద్దాయనకి కాగితం మీద రాసి సంతకం పెట్టు.

నాలుగు. కొత్తవాడి దగ్గరికి వెళ్ళి, ముందున్నవాడు తిరక్కపోతే ఎందుకని అడగమని చెప్పు.

ఐదు. పిచ్చుక మంచం పక్కన కూర్చుని నిజం చెప్పు. పళ్ళు పట్టుకెళ్ళి ఊరుకోకు. వాడు తిడితే తిట్టించుకో.

ఆరు. ఇవన్నీ అయ్యాక గేటు దాటి బయటికి రా. అప్పటిదాకా నేను ఇక్కడి నుంచి లేవను.

ఏడు. భయపడు. నా పక్కన, ఈ బెంచీ మీద కూర్చుని, ఎంతసేపు వేస్తే అంతసేపు భయపడు.

అక్క